సున్నా, అరసున్నా, ఇంటూ

ఆ వానాకాలం మొదలయ్యేసరికి ఇంట్లో ముగ్గురమే మిగిలాం. నేను, మా ఆయన, మా మేస్త్రీ. మేస్త్రీ అంటే తాపీ పట్టిన మనిషి కాదు, ఎనిమిదేళ్ల మా అమ్మాయి. తాపీ పట్టిన మనిషి మా మామయ్య. నలభై ఏళ్లు ఊళ్లోవాళ్లందరికీ గోడలు కట్టి, చివరికి మంచం పట్టి, ఎండలు తగ్గకముందే పోయారు. ఇంటిల్లిపాది మీదా అజమాయిషీ చేస్తోందని మనవరాలికి ఆ పేరు పెట్టింది ఆయనే.

"కుర్చీ అక్కడ కాదు తాతా, ఇక్కడ వెయ్యి" అనేది.

"చిత్తం మేస్త్రీగారూ" అని ఆయన కుర్చీ జరుపుకునేవారు.

ఆయన పోయిన దగ్గర్నుంచీ ఆ పిల్ల ఎవరికీ ఏ పనీ పురమాయించలేదు. దుఃఖం కదా, అదే సర్దుకుంటుందనుకున్నాను. ప్రతిదానికీ గుండెలు బాదుకునేదాన్ని, ఆ ఒక్క విషయంలో మాత్రం నిమ్మళంగా ఉన్నాను. బడి నుంచి ఫోన్ వచ్చేదాకా.

మా ఫ్యాక్టరీలో చొక్కాలు కుడతారు. నాది చెకింగ్ టేబుల్. చొక్కాని ట్యూబ్‌లైటు కింద పరిచి, కాలరూ, చంకలూ, కాజాలూ చూసి, కట్టతో వచ్చిన కార్డు మీద గుర్తు పెట్టాలి. బాగుంటే సున్నా. సరిచేస్తే పనికొస్తుందనుకుంటే అరసున్నా. పనికిరాదంటే ఇంటూ. పదకొండేళ్లుగా ఆ మూడు గుర్తులే నా చదువూ సంధ్యా. ఫోన్లు ఫ్లోర్ మీదకి తేనివ్వరు, గేటు దగ్గర డబ్బాలో పెట్టేయాలి. అందుకని ఏదైనా కబురొస్తే సూపర్‌వైజరే నడిచి వస్తాడు. ఆ రోజు ఆయన నా వైపు రావడం చూసి పెడుతున్న గుర్తు సగంలోనే వదిలేశాను.

"మీ పాప స్కూలు నుంచమ్మా. ఆఫీసులో ఫోనుంది, మాట్లాడు."

నా టేబుల్ నుంచి ఆఫీసు గదికి ఎంత దూరమని. ఆ కాస్త దూరంలోనే పిల్లని బస్సు కింద చూశాను, మెట్ల మీంచి పడటం చూశాను, ఎవరో ఎత్తుకుపోవడం చూశాను. ఫోనెత్తగానే అవతలావిడ "కంగారు పడకండి" అంది. ఆ మాట వింటేనే నాకు అసలు కంగారు మొదలవుతుంది.

"దెబ్బేం తగల్లేదండీ. పక్కమ్మాయి తన డబ్బాలోంచి ఆపిల్ ముక్క ఇచ్చి 'నాకొద్దు, నువ్వు తిను' అందట. మీ పాప ఆ డబ్బా లాక్కుని గోడకేసి కొట్టింది. గంట నుంచి ఏడుస్తోంది. మీరొకసారి రావాలి."

మా మేస్త్రీ నోరు పెద్దదే గానీ చెయ్యెప్పుడూ లేవలేదు.

బడిలో కౌన్సెలర్ మేడమ్ గది చిన్నది. కుర్చీలు పిల్లలవి. కూర్చుంటే నా మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. ఆవిడకి పాతికేళ్లుంటాయేమో, నన్ను "అమ్మా" అనే పిలిచింది.

"ఇంట్లో ఈ మధ్య ఏమైనా జరిగిందా అమ్మా?"

"మా మామయ్య పోయారు మేడమ్. దీనికి తాతంటే ప్రాణం."

"ఎలా పోయారో పాపకి చెప్పారా?"

"చిన్నపిల్ల కదా మేడమ్. ఆ రోజు పక్కింటావిడ దగ్గర ఉంచాం. సాయంత్రం తీసుకొచ్చి, తాత ఇక లేరని చెప్పాం."

"ఏమైనా అడిగిందా?"

"లేదు మేడమ్. తలూపింది."

ఆవిడ సొరుగులోంచి ఒక కాగితం తీసింది. పిల్లలు బడి నుంచి రాగానే పెట్టదగ్గ చిరుతిళ్లు. పైన అరటిపండు బొమ్మ, పక్కన నవ్వుతున్న పిల్ల బొమ్మ. ఉడికించిన గుడ్డు, నానబెట్టిన బాదం, పెరుగులో పండ్ల ముక్కలు, వేరుశనగలు, క్యారెట్, మొక్కజొన్న.

"ఆకలి మీదుంటే పిల్లల్లో బాధ కూడా చిరాకై బయటికొస్తుందమ్మా. సాయంత్రం ఏదో ఒకటి పెట్టి, మీరూ పక్కన కూర్చుని తినండి. ఇదేం మందు కాదు. తింటూ ఉంటే మాటలు వస్తాయి, అంతే. ఏం పెట్టారన్నది కాదు, ఎలా పెట్టారన్నది చూసుకోండి."

నేను బుద్ధిగా తలూపాను. ఊపుతూనే, బాదం ఎన్ని నానబెట్టాలో లెక్కేసుకుంటున్నాను. ఆవిడ చెప్పినదాంట్లో నా చెవికెక్కింది "తింటూ ఉంటే" అన్నది ఒక్కటే.

మర్నాడే సూపర్‌వైజర్ని బతిమాలుకుని పొద్దుటి షిఫ్టుకి మారాను. మామయ్య ఉన్న రోజుల్లో ఐదున్నర దాటితేగానీ ఇల్లు చేరేదాన్ని కాదు. పక్కింటావిడ మధ్యాహ్నం ఒకసారి ఆయన్ని చూసి, సాయంత్రానికి పండు ముక్కలు కోసిపెట్టి వెళ్లేది, నాలుగింటికి పిల్ల వచ్చి తాత పక్కన కూర్చునేది. ఇప్పుడు మూడున్నరకే వంటింట్లో ఉంటున్నాను. అది బూట్లు విప్పేలోపల ప్లేటు బల్ల మీద ఉండాలి.

ఇక పుస్తకం. ఆస్పత్రిలో నర్సు, మామయ్య ఏ పూట ఏం తిన్నారో, ఎంత తిన్నారో రాయమని చెప్పినప్పుడు ఒక పొడుగాటి పుస్తకం పెట్టాను. నాకొచ్చిన గుర్తులు అవే కాబట్టి అవే వాడాను. అంతా తింటే సున్నా, సగం తింటే అరసున్నా, ముట్టకపోతే ఇంటూ. ఆయన పోయాక ఆ పుస్తకం ఫ్రిజ్ మీద పడి ఉంది. సగానికి పైగా తెల్ల కాగితాలే. మంచి పుస్తకం, పారేయడమెందుకని నాలుగు కాగితాలు వదిలేసి, ఐదో దాని మీద పైన "మేస్త్రీ" అని రాసి గళ్లు గీశాను. తేదీకొక గడి, తిండికొక గడి, గుర్తుకొక గడి. చివర్లో మనసుకొక గడి. మూలకి దారం కట్టి ఫ్రిజ్ పక్కన మేకుకి తగిలించాను. ఆ సాయంత్రం నా ప్రాణం కాస్త కుదుటపడింది. కాగితం మీదికెక్కిన భయం చెప్పుచేతల్లో ఉన్నట్టే ఉంటుంది.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. మనిషి నిదానం. ఇంటికి రాగానే పుస్తకం చూసి నవ్వారు.

"పిల్లకి తిండి పెడుతున్నావా, సరుకు పాస్ చేస్తున్నావా?"

"మీకేం తెలుసు, మేడమ్ చెప్పింది."

"నాక్కూడా ఒక గడి గీయరాదూ. నాకన్నీ సున్నాలే వస్తాయి. కంచం కడగక్కర్లేదు కూడా."

పిల్ల అక్కడే ఉంది. నవ్వలేదు. పుస్తకం వైపు చూస్తూ నిలబడింది. చదువుకుంటోంది కదా, అక్షరాలు కనబడితే చూస్తుంది అనుకున్నాను.

ఆ మర్నాటి నుంచి ఏం పెట్టినా తినేసింది. గుడ్డంటే ముక్కు మూసుకునే పిల్ల, గుడ్డు తినేసింది. క్యారెట్ తింది. పెరుగు కప్పు అడుగు కనబడేదాకా గీకి తింది. నేను ఎదురుగా నిలబడి ఉండేదాన్ని.

"మనసెలా ఉంది నాన్నా?"

"బాగుంది."

గడిలో "బాగుంది" అని రాసేదాన్ని. రెండు వారాలు వరసగా సున్నాలు, వరసగా బాగుందిలు. టేబుల్ దగ్గర నా ఎదురుగా పనిచేసే పెద్దక్కకి రోజూ చెప్పేదాన్ని. ఆవిడ ఉద్యోగంలో నాకంటే సీనియర్, నోట్లో మాట దాగదు.

"గుడ్డు కూడా తింటోందక్కా. ఒక్క ఇంటూ లేదు."

"బానే ఉంది. మరి గోల చేస్తోందా?"

"లేదక్కా, బుద్ధిగా ఉంటోంది."

"ఎనిమిదేళ్ల పిల్ల ఇంట్లో గోల లేకుండా ఉంటే నాకైతే నిద్ర పట్టదే" అని చొక్కా తిరగేసింది పెద్దక్క. "చొక్కాలకి నోరు లేదు కాబట్టి మన గుర్తులు చెల్లుతున్నాయి గానీ, వాటికే మాటొస్తే మనల్ని వాయించేసేవి."

నవ్వాను గానీ, ఆ మాట నన్ను వదల్లేదు. ఇంటికొచ్చి పిల్లని పట్టి పట్టి చూశాను. నిజమే. అది తినడం పిల్లలు తిన్నట్టు లేదు. షిఫ్టు అయిపోయే ముందు గబగబా కట్టలు తెమిల్చే మనిషిలా, ముద్ద వెంట ముద్ద, కళ్లు ప్లేటు మీదే. అయిపోయాక ప్లేటు నా వైపు వంచి చూపించేది. నేను గుర్తు పెట్టేదాకా కదిలేది కాదు.

మూడో వారంలో ఒక రోజు గుడ్డు వదిలేసింది. కడుపు నొప్పంది. నొప్పనగానే నా బుర్రలో ఆస్పత్రి బల్లలూ సెలైన్ సీసాలూ తిరిగాయి. జ్వరం చూశాను, నాలుక చూశాను, పొట్ట నొక్కి చూశాను. ఏమీ లేదు. పుస్తకంలో ఇంటూ పెట్టాను. మర్నాడు పొద్దున్నే పాలు తీస్తూ చూస్తే ఆ గడిలో సున్నా ఉంది.

నా కళ్లని నమ్మలేకపోయాను. దీపం కిందకి పట్టుకెళ్లి చూశాను. నేను నీలం పెన్నుతో పెట్టిన ఇంటూ మీద పెన్సిల్‌తో గుండ్రంగా దిద్ది దిద్ది, లోపలంతా నల్లగా నింపేశారు. కాగితం చిరిగేంత గట్టిగా.

"ఏమండీ, హాస్యానికైనా ఒక హద్దుండాలి" అన్నాను మా ఆయనతో.

ఆయన బ్రష్ నోట్లో పెట్టుకునే వచ్చి చూశారు. నవ్వుతారనుకున్నాను. నోరు కడుక్కుని మళ్లీ వచ్చి చూశారు.

"నేను కాదు" అన్నారు.

పిల్ల గదిలో బూట్ల తాళ్లు కట్టుకుంటోంది. ఇద్దరం గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాం. ఆయన ఎందుకు అడగలేదో తెలీదు. నేను మాత్రం భయపడే అడగలేదు. ఇవాళ గుర్తు దిద్దింది, రేపు మార్కులు దిద్దుతుంది, ఎల్లుండి ఇంకోటి. లేకపోతే బుర్రలో ఏదో అయింది. అడిగితే ఏది బయటపడుతుందోనని నోరు కుట్టేసుకున్నాను. ఆ రోజు పనిలో మంచి చొక్కాలకి కూడా ఇంటూ పెట్టేశానని సూపర్‌వైజర్ తిట్టాడు.

ఆ వారమంతా ముసురు. బట్టలు ఆరక ఇల్లంతా ముక్కిన వాసన. ఆ వాసన కింద ఇంకో వాసన ఉందని నాకు రెండు రోజులుగా అనుమానం. ఎలుక చచ్చిందనుకున్నాను. ఆదివారం పొద్దున మా ఆయన పిల్ల గదిలో మంచం జరిపారు, బీరువా జరిపారు. ఎలుక లేదు. మూలన పోయినేడాది వానబూట్లు నిలబెట్టి ఉన్నాయి, పిల్లకి ఇరుకైపోయాయని పక్కన పడేసినవి. వాటిలో ఒకటి చేత్తో పట్టుకుని ఆయన అలాగే ఆగిపోయారు.

"పాత పేపరు పట్రా" అన్నారు.

పేపరు మీద వంచితే గుడ్లు పడ్డాయి. ఒకటీ రెండూ కాదు. పెంకు తీసిన గుడ్లు, పచ్చగా, జిగురుగా. నల్లబడ్డ అరటిపండ్లు. ఉబ్బిపోయిన బాదం గింజలు. రెండో బూటులో క్యారెట్ ముక్కలు, బూజు పట్టి తెల్లగా. నేను పెట్టిన సున్నాలన్నీ కుళ్లి పేపరు మీద కుప్పపడినట్టుంది.

ప్లేటు పెట్టి నేను ఎదురుగానే నిలబడతాను కదా, ఎలా దాచిందని ఆలోచిస్తే అప్పుడు తట్టింది. స్టవ్ మీద ఏదో మాడుతోందని తిరుగుతాను. గేటు చప్పుడైతే తిరుగుతాను. చప్పుడు కానప్పుడు కూడా తిరుగుతాను.

పిల్లని కేకేశాను. వచ్చింది. పేపరు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. మొహంలో రక్తం చుక్క లేదు.

"ఏంటే ఇది?"

చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నిన్నే అడిగేది. తిన్నానని ప్లేటు చూపించావు కదా. ఎందుకు అబద్ధం చెప్పావు?"

"పట్టలేదు" అంది. "కడుపులో."

"పట్టకపోతే పట్టలేదని చెప్పొచ్చు కదా?"

నా మాట దాని చెవిని పడినట్టు లేదు. పేపరు మీదున్నవాటినే చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి. ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతోందని తర్వాత తెలిసింది.

"ఇవన్నీ ఇప్పుడు ఇంటూలు పెట్టేస్తావా?"

"పెట్టక? వీటికి సున్నాలు పెడతారా ఎవరైనా?" అన్నాను.

అంతే. అది గబుక్కున మోకాళ్ల మీద కూలబడి, పేపరు మీంచి నల్లటి అరటిపండు తీసి, తొక్కతో సహా నోట్లో కుక్కుకుంది. నేను చూస్తూ నిలబడ్డాను. ఒక్క క్షణం పాటు నిజంగా, ఎవరో పరాయి పిల్ల మా ఇంట్లోకి వచ్చి చెత్త తింటున్నట్టు చూశాను. మా ఆయన దాని మణికట్టు పట్టుకున్నారు. అప్పటికే రెండో చేత్తో గుడ్డు అందుకుంది. నేను దాని నోట్లో వేలు పెట్టి లాగేశాను. వేలు కొరికింది. కోపంతో కాదు. మింగేయాలని తొందర.

"తింటాను, అన్నీ తింటాను. పెట్టకు. నువ్వు పెట్టకు" అంటోంది. ఏడవటం లేదు. ఏడిస్తే తినడానికి ఆలస్యమవుతుందన్నట్టుంది.

నోరు కడిగాం, చేతులు కడిగాం. మా ఆయన దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. వీపు మీద చెయ్యేసి అలాగే ఉంచారు. చాలాసేపటికి ఆయనే అడిగారు.

"ఇంటూ పెడితే ఏమవుతుంది మేస్త్రీ?"

అది ఒళ్లోంచి దిగి వంటింట్లోకి వెళ్లింది. మేకుకున్న పుస్తకం తీసుకొచ్చి నేల మీద పెట్టింది. తన పేజీ తీస్తుందనుకున్నాను. తియ్యలేదు. వెనక్కి తిప్పింది. తెల్ల కాగితాలు నాలుగూ దాటించింది. అక్కడ మామయ్య ఉన్నారు. నా రాత, నా గళ్లు, నా గుర్తులు.

వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడ తాతకి ఒక ఇంటూ. ఇక్కడ రెండు. ఈ రోజు మూడు. ఈ రోజు అన్నీ ఇంటూలే. ఈ రోజు కూడా." వేలు కిందకి జరిగి ఖాళీ గడి మీద ఆగింది. "ఇక్కడ ఏం లేదు."

తర్వాత కాగితాలు ముందుకి తిప్పింది, ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"ఇక్కడ నా పేరు."

వాన పడుతూనే ఉంది. మా ఆయన నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూడలేకపోయాను.

"నాకు ఎన్ని వస్తే చచ్చిపోతానమ్మా?" అంది. టైమెంతయిందని అడిగినట్టు అడిగింది.

బస్సులూ మెట్లూ నీళ్ల ట్యాంకులూ, కుక్కలూ కరెంటూ, లోకంలో ఉన్న ఆపదలన్నీ ముందే ఊహించి పెట్టుకున్నదాన్ని. మా వంటింటి మేకుకి నేనే తగిలించినదాన్ని మాత్రం ఊహించలేదు. ఇరవై రెండు రోజులు నా కూతురు ఆ పుస్తకం ముందు నిలబడి తన చావు ఎంత దూరంలో ఉందో చూసుకుంది. నేను ఆ పక్క గడిలో "బాగుంది" అని రాసుకున్నాను.

దాని వైపు చెయ్యి చాపాను. పుస్తకం లాక్కుంటాననుకున్నట్టుంది. మళ్లీ వెనక్కి తిప్పింది.

"ఇవి కూడా తప్పే" అంది. మామయ్య పేజీల్లో సాయంత్రం గడులు. ఆ చివరి రెండు రోజులు తప్ప అన్నిట్లో సున్నాలే. "తాత ఆపిల్ ముక్కలు తినలేదు. 'నాకొద్దు, నువ్వు తిను మేస్త్రీ' అనేవాడు. నేను తినేశాను. నువ్వొచ్చి ప్లేటు చూసి సున్నా పెట్టావు. నేను చెప్పలేదు." గొంతు సన్నబడిపోయింది. "నేను తినకపోతే తాత తినేవాడు కదా."

బడిలో గోడకేసి కొట్టిన డబ్బా అప్పుడు నాకు అర్థమైంది. మూడు నెలలుగా ఈ చిన్న ప్రాణం ఇంత బరువు మోస్తూ, రోజూ జడ వేయించుకుని, బ్యాగు తగిలించుకుని, నాకు టాటా చెప్పి బడికెళ్లింది.

మా ఆయన నేల మీద దాని ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. లిఫ్టు ఎందుకు ఆగిందో జనానికి చెప్పేటప్పుడు ఎలా మాట్లాడతారో అలాగే, మెల్లిగా మొదలుపెట్టారు.

"తాతకి కడుపులో గడ్డ లేచింది. పెద్ద గడ్డ. డాక్టరు మొదటి రోజే చెప్పాడు, ఇది తగ్గదని."

"అన్నం తిన్నా?"

"తిన్నా."

"ఆపిల్ తిన్నా?"

"బండెడు తిన్నా అంతే."

"మరి అమ్మ ఎందుకు రాసింది?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది నేను. నేను కూడా నేల మీద కూలబడ్డాను.

"నాకు భయమేసి రాశాను" అన్నాను. "తాతకి తగ్గదని నాకూ తెలుసు. ఏం చెయ్యాలో తెలీక రాశాను. నీ పేరు కూడా భయంతోనే రాశాను. నువ్వు తినకపోతే ఏదో అయిపోతుందని కాదు. నువ్వు మాట్లాడటం లేదని."

"నాకు గడ్డ ఉందా?"

"లేదు."

"డాక్టరు చెప్పిందా?"

"పోయిన నెల టీకాకి వెళ్లినప్పుడు పొట్ట నొక్కి చూసింది కదా. ఏమీ లేదంది."

ఏమీ లేదన్నాక ఆగిపోవడం నా వల్ల కాని పని. ఎప్పుడూ దాని వెనకాల "అయినా సరే" అని ఒకటి తగిలిస్తాను. ఆ రోజు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

అది వాళ్ల నాన్న వైపు తిరిగింది.

"తాతకి తెలుసా? తిన్నా తగ్గదని?"

"తెలుసు" అన్నారు ఆయన. "ఆయనకే అందరికంటే ముందు తెలుసు."

అది పుస్తకంలో సాయంత్రం గడులు మళ్లీ ఒకసారి చూసింది. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"అందుకే నాకు పెట్టేవాడన్నమాట" అంది.

అని, అప్పుడు ఏడ్చింది. తాత పోయాక మా ముందు ఏడవటం అదే మొదటిసారి. మా ఆయన చొక్కా తడిసిపోయేలా, ఎక్కిళ్లు పట్టేలా, ముక్కు కారిపోయేలా ఏడ్చింది. ఆయన కూడా ఏడ్చారు. తండ్రి పోయినప్పుడు పనులన్నీ తన మీద వేసుకుని తిరిగిన మనిషి, ఆ కుళ్లు వాసన గదిలో కూతుర్ని పట్టుకుని కూర్చుని ఏడ్చారు. నేను పేపరు మడిచి బయట పారేసి వచ్చాను. పుస్తకం ఆయన ఏం చేశారో నేను అడగలేదు.

సోమవారం సెలవు పెట్టి కౌన్సెలర్ మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆ చిన్న కుర్చీలో కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"తాత గురించి అడిగినప్పుడల్లా చెప్పండి. దాచకండి. తిండి గురించి మాత్రం ఏమీ అడగకండి, ఏమీ రాయకండి. బల్ల మీద పెట్టండి, మీరు తినండి. తిందో లేదో చూడకండి."

"చూడకుండా ఎలా మేడమ్?"

"కష్టమే అమ్మా" అంది.

కష్టం అని ఆవిడ చిన్న మాటగా అనేసింది గానీ, ఆ తర్వాత రెండు వారాలు నేను పడ్డ పాట్లు నాకే తెలుసు. ఆకు కదిలితే ఉలిక్కిపడే మనిషిని, పిల్ల కంచం వైపు చూడకుండా గోడకేసి చూస్తూ తిన్నాను. పెద్దక్క అయితే నన్ను చూసి "మెడ పట్టేసిందా ఏంటే" అంది. మధ్యలో ఒక రోజు అది సగం తిని లేచిపోయింది. ఇంకో రోజు రెండుసార్లు అడిగి పెట్టించుకుంది. రెండు రోజులూ నాకు ఒకేలా చెమటలు పట్టాయి. తాత గురించి అడిగేది, ఒక్కో రోజు ఒక్కో ప్రశ్న. గడ్డ ఎంత ఉంది, నొప్పి పుట్టిందా, నేను పక్కింట్లో ఉన్నప్పుడు తాత నన్ను పిలిచాడా. తెలిసింది చెప్పాం. తెలియంది తెలియదన్నాం.

వానలు వెనక్కి తగ్గాయి. ఒక శనివారం సాయంత్రం ఎండ పొడ వంటింటి బల్ల దాకా వచ్చింది. మా ఆయన వీధి గుమ్మంలో కూర్చుని గొడుగు ఊచలు బాగుచేస్తున్నారు. నేను నారింజ తొనలు వలిచి ప్లేటులో పెట్టి, అది కుర్చీ ఎక్కాక ఎదురుగా కూర్చున్నాను. అది తొనల వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"నాకొద్దు" అంది.

కడుపు నొప్పి అనలేదు. పట్టదు అనలేదు. వద్దంటే వద్దు, అంతే. ఎందుకొద్దు, ఏమైంది, నాలుక చూపించు, అన్నీ గొంతులో బారులు తీరి నిలబడ్డాయి. అది నా మొహం మీంచి కళ్లు తిప్పలేదు.

"సరే" అన్నాను.

"నీకు భయమేస్తోందా?"

లేదని చెప్పబోయి ఆగాను.

"ఆఁ. కొంచెం."

అది ప్లేటు నా ముందుకి తోసింది.

"అయితే నువ్వు తిను. నెమ్మదిగా తిను, గింజలు మింగకు."

ఒక తొన నోట్లో పెట్టుకున్నాను. పుల్లగా ఉంది. ఇంకొకటి తిన్నాను. అది కుర్చీ దిగి గుమ్మం దాకా వెళ్లి, అక్కడ ఒకసారి ఆగి, నేను నిజంగా మింగుతున్నానో లేదో చూసుకుని, వాళ్ల నాన్నకి గొడుగు ఎలా పట్టుకోవాలో చెప్పడానికి వెళ్లిపోయింది.